ఇది కొబ్బరి నూనె కాదు

ఈ పని నేర్చుకుంటానని ఎవరు వచ్చినా నేను మొదట వాళ్ళ గోళ్ళు చూస్తాను. ఇదేదో పెళ్ళిచూపుల్లా ఉందని సిగ్గుపడి చేతులు వెనక్కి పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. గోళ్ళు పెంచుకున్నవాణ్ణి ఇంటికి పంపించి, కత్తిరించుకుని రమ్మంటాను. సీసం మసి గోటి కింద చేరి అన్నం ముద్దతో పాటు కడుపులోకి పోతుంది. పోయి ఊరికే ఉండదు. కడుపు మెలిపెడుతుంది, మణికట్టు పట్టు తప్పుతుంది. అందుకే నా బల్ల దగ్గర తాంబూలం లేదు, చుట్ట లేదు. చేతులు కడగకుండా మంచినీళ్ళు కూడా తాగనివ్వను. ముసలాడికి చాదస్తం అనుకుంటే అనుకోండి, డెబ్బై దాటినా నా వేళ్ళు ఇంకా సూదిలో దారం ఎక్కిస్తాయి. కళ్ళే ఆ బెజ్జం ఎక్కడుందో చెప్పడం మానేశాయి.

నేను రంగు అద్దాల కిటికీలు కట్టి బతికాను. టెక్కలిలో ఒక మిషన్ కాంపౌండు వెనక రేకుల షెడ్డు, అందులో ఒక పొడుగాటి బల్ల, అదే నా లోకం. అలాంటి పని మనవైపు జరిగిందని చెబితే చాలామంది నమ్మరు. ఎన్ని చర్చిలకు కట్టాను, ఎవరు దండ వేశారు అన్నవి ఇక్కడ రాయను. అవి చదివితే మీకు ఒక్క అతుకు కూడా సరిగ్గా పడదు. నా తప్పులు చదివితే పడవచ్చు.

బరువు చెయ్యి

మాది కంసాలి ఇల్లు. నా చిన్నప్పుడే నాన్న పోతే మా మేనమావ పెంచాడు. ఆయన కొలిమి ముందే పని మొదలుపెట్టాను, ఆయన కూతురు నరసమ్మనే చేసుకున్నాను. అన్నీ కుదిరాయి, పని ఒక్కటే కుదరలేదు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఒకరోజు ముక్కుపుడక రేకు నా సుత్తి కింద మూడోసారి చిరిగింది. మావ పట్టకారు కింద పెట్టాడు.

"ఒరే అప్పలా, నీ సెయ్యి బరువురా. బంగారం నీకు లొంగదు. బండి తోలుకో. నీ మంచికే సెప్తన్నాను."

లోపల్నుంచి నరసమ్మ అందుకుంది. "పోన్లే బావా, ఎద్దులికి బరువు సెయ్యే గావాల."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి అన్నం సహించలేదు. కంసాలి ఇంట పుట్టి చెయ్యి బరువని అనిపించుకోవడం కన్నా తలవంపులు ఏముంటాయి?

అలాంటి రోజుల్లో దొరసాని మా కొట్టుకు వచ్చింది. పేరు మార్తమ్మ. పొడుగ్గా, ఎండకు కమిలిన ముక్కుతో, పెద్ద టోపీతో ఉండేది. మిషన్‌లోకి రాకముందు తన దేశంలో ఈ అద్దాల పనే నేర్చుకుందట. ఆవిడ తెలుగు గురించి ఒక్క మాట చెప్పాలి. సగం భాష చెప్పే మునిషీ దగ్గర పుస్తకంలో నేర్చుకుంది. మిగతా సగం ఉద్దానం నుంచి చేపల గంపలు తెచ్చే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంది. రెండూ ఆవిడ నోట్లో కలిసిపోయాయి.

"అయ్యా, ఈ రాగి కడ్డీ మూతి వంకరపోయినది. బేగి సరిచేయుడు. మరియు నాకు అతుకులు వేయగల మనిషి ఒకడు గావాల."

మావ కడ్డీ మూతి సరిచేసి ఇస్తూ, దాంతో పాటు నన్ను కూడా ముందుకు తోశాడు. "ఈడ్ని తీసుకెల్లండి దొరసానమ్మా. అతుకులెయ్యడం ఒచ్చు. సెయ్యే కాసింత బరువు."

"చింత లేదు. సీసము కూడా బరువే," అంది దొరసాని. అలా ఆ షెడ్డులోకి అడుగుపెట్టాను.

సీసం దగ్గర పొగరు పనికిరాదు

ముందు పని ఏమిటో చెప్తాను. రంగు అద్దపు ముక్కల్ని బొమ్మ ప్రకారం కోస్తాం. ముక్కకీ ముక్కకీ మధ్య సీసపు బద్ద పెడతాం. ఆ బద్దకు రెండు పక్కలా గాడి ఉంటుంది. ఒక గాడిలో ఈ ముక్క, రెండో గాడిలో ఆ ముక్క కూర్చుంటాయి. గాడికి అటూ ఇటూ ఉన్న అంచుల్ని మేము రెక్కలు అనేవాళ్ళం. బద్దలు కలిసిన ప్రతిచోటా తగరం కలిపిన సీసంతో అతుకు వేస్తాం. ఆఖర్న రెక్కల కింద లప్పం కూరుతాం, అది గట్టిపడితే అద్దం కదలదు, వాన రాదు. చెప్పడానికి ఇంతే.

నేను వేసిన మొదటి అతుకు విషయం విన్నారంటే నవ్వుతారు. కంసాలి బుద్ధి కదా, ఊదుగొట్టం తీసి దీపం మంటను బద్దల మీదికి ఊదాను. బంగారం అతికేటప్పుడు టంకం ముందు కరుగుతుంది, బంగారం అలాగే ఉంటుంది. ఇక్కడ టంకం కరిగేలోపు బద్దే కరిగి, బల్ల మీద ముత్యాల్లా దొర్లింది. మధ్యలో చందమామంత బెజ్జం. నా వీరత్వం చూసి దొరసాని ఊదుగొట్టం చేతిలోంచి తీసుకుని, కిటికీలోంచి బయట పారేసింది.

"ఇక దానిని మరచిపొమ్ము, ఆచారీ. ఇది వధువు కాదు, ముసలమ్మ. మెల్లగా పలకరింపవలెను."

రాగి కడ్డీ కాల్చి, కొవ్వొత్తి రాసిన అతుకు మీద అలా ఆనించి తీసెయ్యాలి. ఆనించడమే, అదమడం కాదు. తర్వాత బద్దను సాగదియ్యడం. వంకరలు పోవాలంటే ఒక కొస బిగించి రెండో కొస పట్టకారుతో లాగాలి. నేను తాడులాగుడు పందెంలా లాగి, బద్ద తెగి, వెల్లకిలా సుద్దబస్తా మీద పడ్డాను. అన్నం తెచ్చిన నరసమ్మ గుమ్మంలో నిలబడి అదంతా చూసింది. ఆరు నెలల పాటు ఆ కథ చెప్పి వీధి వీధంతా నవ్వించింది.

అన్నింటికన్నా కష్టం కొయ్యడం. కత్తి బద్ద మీద పెట్టి నొక్కితే గాడి మూసుకుపోతుంది. కత్తిని అటూ ఇటూ ఊపుతూ, దాని బరువుతో అదే దిగేలా చెయ్యాలి. నా చెయ్యి వినలేదు. రోజుకు గంపెడు బద్దలు చెడగొట్టాను, అన్నీ మళ్ళీ కరిగించాను. దొరసాని తిట్టలేదు గానీ నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు కన్నా తిట్టు నయం.

చివరికి దారి నాకే తట్టింది. మావైపు లేత కొబ్బరికాయకు కరువు లేదు. కాయ కొడితే లోపల మీగడలాంటి లేత కొబ్బరి ఉంటుంది. దాన్ని పళ్ళెంలో పరిచి, నలక్కుండా, నీరు ఊరకుండా ముక్కలు కొయ్యడం సాధన చేశాను. కత్తిని ఊపితే తెగుతుంది, నొక్కితే పచ్చడవుతుంది. నలిగిన ముక్కలన్నీ నరసమ్మ తినేది.

"బేగి నేర్సేసుకోకు బావా. ఇంకో పది రోజులు సెడగొట్టు," అనేది.

నెల తిరక్కుండా చెయ్యి తేలికపడింది. మావ చెప్పింది తప్పని కాదు. చెయ్యి బరువే, కానీ తేలిక నేర్పితే నేరుస్తుంది. అది నేర్చినరోజు నాకు కలిగిన సంతోషం, తర్వాత ఏ కిటికీ కట్టినా కలగలేదు.

డబ్బా మీద రాత

లప్పం చెయ్యడానికి సుద్దపొడి, కాస్త దీపపు మసి, అవిసె నూనె కావాలి. సుద్ద, మసి ఇక్కడివే. అవిసె నూనె మాత్రం కలకత్తా నుంచి డబ్బాల్లో రైలెక్కి పలాసలో దిగేది. అక్కణ్ణించి బండి మీద టెక్కలి తెచ్చుకునేవాళ్ళం. షెడ్డులో ఉన్న ఒక పాత డబ్బాలో పోసుకునేవాళ్ళం. దాని మీద దొరసాని తన చేత్తో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో, ఎర్ర రంగుతో రాసిపెట్టింది: ఇది కొబ్బరి నూనె కాదు.

బంగళా పనివాళ్ళు తలకు రాసుకోకుండా అలా రాసిందని నేను అనుకున్నాను. అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి.

నేను చేరిన అయిదో ఏట దొరసానికి విడవకుండా జ్వరాలు పట్టుకున్నాయి. దేశం తిరిగి వెళ్ళిపోవాలని నిశ్చయమైంది. అప్పుడు మిషన్‌లో పెత్తనం పెద్దదొరది. మంచివాడే, కానీ రంగు అద్దాలంటే ఆయనకు గిట్టేది కాదు. ప్రార్థనకు మామూలు వెలుగు చాలదా అనేవాడు. దొరసాని వెళ్ళిపోతే షెడ్డులో ఎడ్లబండ్లు పెట్టించుకుందామని ఆయన ఉద్దేశం. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఉద్దానంలో, సముద్రానికి కూత దూరంలో ఒక ఊళ్ళో కొత్త చర్చి కడుతున్నారు. దాని తూర్పు కిటికీ నేనొక్కణ్ణే కట్టాలి. అది నిలబడితే షెడ్డు నాది, పని సాగుతుంది. లేకపోతే బండ్లది.

అంటే నా బతుకు ఆ కిటికీ మీద ఉంది. ఓడిపోతే మళ్ళీ మావ కొట్టు, మళ్ళీ బరువు చెయ్యి.

"నేను సూడను, ఆచారీ. ఇది నీ కిటికీ. సందేహము కలిగిన యెడల ఉత్తరము వ్రాయుము," అని చెప్పి దొరసాని వైద్యానికి విశాఖపట్నం వెళ్ళింది.

నీలం అలలు, వాటి మీద ఒక పడవ, పైన తెల్లటి నక్షత్రం. అదే బొమ్మ. అద్దం నేనే కోశాను, బద్దలు నేనే పెట్టాను. పుష్యమాసం చలిలో తెల్లవారగానే బల్ల దగ్గర ఉండేవాణ్ణి. ఒక్క అతుకు గురించి కూడా ఎవరూ వంక పెట్టలేరని ఇప్పటికీ గట్టిగా చెప్తాను. తీరా లప్పం కలిపే రోజుకు డబ్బాలో అవిసె నూనె అడుగంటింది. కొత్త డబ్బా కోసం పలాస స్టేషనుకు నాలుగుసార్లు వెళ్ళాను. రాలేదు. కిటికీ బిగించవలసిన రోజు దగ్గరపడింది.

ఇంట్లో ఒక పెద్ద బిందె ఉంది. ఆ ఊరి పాస్టరు భార్య సుందరమ్మగారు, కిటికీ కట్టేవాడి భార్యకు కానుకగా నరసమ్మకు పంపిన కొబ్బరి నూనె. గానుగ నుంచి అప్పుడే వచ్చింది, కమ్మటి వాసన. ఉద్దానంలో వండినా కొబ్బరి నూనే, దీపమైనా కొబ్బరి నూనే, పసిపిల్లకు స్నానమైనా కొబ్బరి నూనే. లప్పానికి మాత్రం ఎందుకు పనికిరాదు? నూనె నూనే కదా అనుకున్నాను. ఉత్తరం రాయొచ్చు. ఈపాటిదానికి అడిగితే ఇన్నేళ్ళూ ఏం నేర్చుకున్నావంటుందేమోనని సిగ్గేసింది. రాయలేదు.

కలిపాను, కూరాను, రెక్కలు మూశాను. మర్నాడు పొద్దున బొటనవేలితో నొక్కి చూశాను. రాయిలా ఉంది! అవిసె నూనెకు పది రోజులు పట్టేది ఒక్క రాత్రిలో గట్టిపడింది. నేనేదో కొత్త సంగతి కనిపెట్టానని పొంగిపోయాను. దొరసానికి కూడా నేర్పవచ్చు అనుకున్నాను, అంత పొగరు!

మీలో కొబ్బరి దేశంవాళ్ళు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు.

చీమలు

అద్దాల పలకల్ని బండిలో పడుకోబెట్టకూడదు, ఒంగిపోతాయి. నిలబెట్టి, గడ్డి కూరి, ఇసకదారిలో ఎద్దుల్ని బతిమాలుతూ తీసుకెళ్ళాను. బిగించాను. ఊరంతా వచ్చి చూశారు. "మన పడవే! మన పడవే!" అని చేపలవాళ్ళు పిల్లల్ని భుజాలకెత్తి చూపించారు.

చర్చి తెరిచేది మాఘం ఆఖర్న. అప్పటికి చలి పోయింది. దొరసాని విశాఖపట్నం నుంచి వచ్చింది, చిక్కిపోయి ఉన్నా నవ్వుతోంది. పెద్దదొర ముందు వరసలో కూర్చున్నాడు. నేనూ నరసమ్మా గోడ పక్కన నిలబడ్డాం. పొద్దు సముద్రం మీంచి లేచి సూటిగా నా కిటికీలోకి వచ్చింది. నీలం వెలుగు జనం మీద పడింది. నాకు ఛాతీ ఉప్పొంగింది.

రెండో పాట దగ్గర మొదటి బొట్టు రాలింది.

కిటికీ కింద నిలబడి పాడిస్తున్న పాస్టరుగారి బట్టతల మీద పడింది. ఆయన తుడుచుకున్నారు. ఇంకోటి పడింది. పడవ అడుగు నుంచి సన్నటి ధార గోడ మీదికి జారుతోంది. ఆ ధార పక్కనే, కింది నుంచి పైకి, ఎర్రచీమల బారు. పెళ్ళి ఊరేగింపులా తాపీగా ఎక్కి, నా రెక్కల కిందికి దూరి, నోట లప్పం పట్టుకుని దిగుతున్నాయి.

"ఓలమ్మో! పడవ నిండా సీమలే!" అని సుందరమ్మగారు గట్టిగా అనేశారు. పాట ఆగిపోయింది. కొందరు నవ్వారు. పెద్దదొర లేచి నిలబడ్డాడు.

అప్పుడు నరసమ్మ నా చెవిలో అంది. "బావా, సలికాలంలో రోజూ నూని సీసా ఎండలో ఎడతన్నాను గదా. గడ్డకట్టిందని. నీ కళ్ళెక్కడెట్టుకున్నావు?"

అదీ సంగతి. లప్పం గట్టిపడలేదు. చలికి నూనె పేరుకుంది, అంతే. అవిసె నూనె గాలికి ఆరి బిగుస్తుంది, కొబ్బరి నూనె ఎన్నేళ్ళైనా ఆరదు. మా ఇంటి గూట్లో రోజూ కళ్ళెదుట ఉన్న సంగతి పనిలో గుర్తుకు రాలేదు.

దొరసాని లేచి వచ్చింది. కిటికీని ముట్టుకోలేదు, వాసన చూడలేదు. రెండు బారల దూరంలోనే ఆగి, చీమల్ని చూసి, నన్ను చూసింది.

"కొబ్బరి నూనెయా, ఆచారీ?"

తల దించుకున్నాను. ఒక్క చూపుతో ఎలా పట్టేసిందా అని ఆ అవమానంలో కూడా ఆశ్చర్యమేసింది. ఆవిడ మొదట పెదవులు బిగించింది. తర్వాత ఆగలేక నవ్వింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా, గోడ పట్టుకుని నవ్వింది. నవ్వు తగ్గాక పెద్దదొరవైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. నాకు అర్థం కాలేదు. పాస్టరుగారు తల తుడుచుకుంటూ నా చెవిలో చెప్పారు.

"తప్పు నీది కాదంటన్నాదయ్యా. తనదేనంట. ఓడెక్కేలోగా సరిసేయిస్తానంటన్నాది."

ఆవిడ అబద్ధమాడటం నేనెన్నడూ ఎరగను. జ్వరమొస్తే బాగానే ఉన్నానని కూడా అనేది కాదు. అలాంటి మనిషి నా కోసం చర్చిలో నిలబడి అబద్ధమాడిందే అని కుమిలిపోయాను.

పలకలు ఊడదీశాం. దొరసాని, నేను, నరసమ్మ ఆ చర్చి వసారాలోనే కూర్చుని వెదురు పుల్లలతో ఒక్కొక్క రెక్కా ఎత్తి గీకాం. కుంకుడు రసంతో కడిగాం, ఊక బూడిదతో తోమాం, మళ్ళీ కడిగాం. చేపలవాళ్ళ ఆడవాళ్ళు పని ముగించుకుని వచ్చి పుల్లలు పట్టుకున్నారు. ఎన్ని కబుర్లు, ఎన్ని నవ్వులు! దొరసాని వాళ్ళతో సమానంగా ఎకసెక్కాలాడింది. ఈలోగా పలాసలో డబ్బా దిగింది. ఈసారి లప్పం నేనే కలిపాను, ఆవిడ చూస్తూ కూర్చుంది. పది రోజులు ఎండ పొడకు దూరంగా ఆరబెట్టి, కిటికీ మళ్ళీ బిగించాను.

పెద్దదొర వచ్చి నలుగురు మనుషుల్ని బయట నిలబెట్టి, బిందెలతో నీళ్ళు కిటికీ మీద విసిరించాడు. లోపల సుందరమ్మగారు గోడకు తన కొంగు ఆనించి నిలబడ్డారు. ఇరవై బిందెలయ్యాక కొంగు తీసి పెద్దదొరకు చూపించారు.

"సూడండి దొరగారూ, పొడిగున్నాది! ఒక్క సుక్క నేదు!"

ఆయన కిటికీ వైపు చూసి, "బండ్లకు వేరే చోటు చూస్తాను," అన్నాడు. అంతకన్నా పొగడ్త ఆయన నోట నేను వినలేదు.

పలాస స్టేషనులో రైలెక్కే ముందు దొరసాని ఆ పాత డబ్బా నా చేతిలో పెట్టింది. ఏదో చెప్పబోయి ఆగింది. గార్డు ఈల వేశాడు.

"గోళ్ళు కడుగుకొనుము, ఆచారీ," అంది. రైలు కదిలింది. ప్లాట్‌ఫారం మీద ఎవరున్నారో చూసుకోకుండా ఏడ్చాను.

వల గుళ్ళు

తర్వాత జర్మనీ యుద్ధం వచ్చి ఓడల్లో సీసం రావడం ఆగిపోయింది. పని ఆగుతుందనుకున్నాను. సరిహద్దు పల్లె డొంకూరు చేపలవాడొకడు, సగం ఒడియా సగం తెలుగు మాట్లాడే మనిషి, షెడ్డుకు వచ్చి బల్ల మీద మూట విప్పాడు. నిండా చిరిగిన వలల సీసపు గుళ్ళు, వల నీళ్ళలో మునగడానికి అంచున కట్టేవి.

"మావా, ఈటితో నీ బద్దలు పోసుకో. మాకు కొత్త గుళ్ళు పోసియ్యి. పాతయి కొండలాగున్నాయి, పోసీవోడే నేడు," అన్నాడు.

అలా రెండేళ్ళు పని గడిచింది. ఆ గుళ్ళలో కల్తీ ఉండి బద్ద పెళుసుగా వచ్చేది. మొదట్లో ఒక పలక పగిలింది. ఈసారి సిగ్గుపడలేదు. కల్తీ ఎలా తీయాలో తెలిసిన కంచరిని వెతుక్కుంటూ వెళ్ళి అడిగి నేర్చుకున్నాను. చీమలు నేర్పిన పాఠం అప్పుడు పనికొచ్చింది.

రెక్క కింద

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను.

దొరసాని ఈ దేశం వచ్చిన కొత్తలో, నేను చేరకముందే, టెక్కలి చర్చికి ఒక చిన్న కిటికీ కట్టింది. తెల్ల కలువ బొమ్మ. ముప్పై ఏళ్ళకు పైగా నిలబడ్డాక దాని బద్దలు చీలికలు పట్టాయి. విప్పి కొత్త సీసం వెయ్యమని నాకే ఇచ్చారు. అప్పటికి ఆవిడ తన దేశంలోనే కన్నుమూసి చాలా కాలమైంది. ఆవిడ పని విప్పడమంటే చేతులాడలేదు. బల్ల మీద పరిచి, దణ్ణం పెట్టుకుని, మొదటి రెక్క ఎత్తాను.

పైపొర నల్లగా, రాయిలా ఉంది. మంచి లప్పం. దాన్ని పెచ్చులూడగొడితే కింద ఇంకో పొర తగిలింది. పచ్చగా, మెత్తగా, జిడ్డుగా. ఇదేమిటో నాకు తెలియలేదు. పక్కనే కూర్చున్న నరసమ్మ పుల్లతో కాస్త తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"బావా! ఇది ముక్కిపోయిన కొబ్బరి నూని!"

"నీకేమైనా పిచ్చా? దొరసాని పని ఇది."

"నాను కొబ్బరి నూనితో పుట్టి పెరిగినాను. నాకు సెప్తావేటి? ఇదిగో, ఇటు సూడు."

పుల్ల కొసన, ఆ జిడ్డులో, ఎండిపోయిన ఎర్రచీమలు. అయిదో ఆరో.

కొత్తలో తనూ కొబ్బరి నూనెతోనే లప్పం కూరి, చీమలు పట్టాక పైన మంచి లప్పం వేసి మూసేసింది. రెండు బారల దూరం నుంచి వాసనైనా చూడకుండా ఎలా పట్టుకుందో అప్పుడు తెలిసింది. గోడ పట్టుకుని అంతలా ఎందుకు నవ్విందో తెలిసింది. డబ్బా మీద ఆ అక్షరాలు బంగళా పనివాళ్ళ కోసం రాసినవి కావు. తనకోసమూ, తన తర్వాత ఆ బల్ల దగ్గర కూర్చునేవాడి కోసమూ రాసింది. తను చేసిన తప్పు గుర్తుండేలా రాసుకుంది గానీ, ఆ తప్పు ఏమిటో నాకు చెప్పడానికి సిగ్గుపడింది. అడగడానికి నేను సిగ్గుపడ్డట్టే. తప్పు తనదే అని పెద్దదొరతో ఆవిడ చెప్పింది అబద్ధం కాదు.

నరసమ్మ ముందు నవ్వింది, తర్వాత నేను. నవ్వీ నవ్వీ కడుపు పట్టుకున్నాం. ఎప్పుడో నవ్వు ఏడుపైంది. ఇన్నేళ్ళూ నన్ను కాపాడటానికి ఆవిడ అబద్ధమాడిందని నాలో నేను మోసిన బరువు ఆ బల్ల మీద దిగిపోయింది. ఒక్కసారి ఎదురుగా ఉండి ఉంటే, "మీరూనా దొరసానమ్మా!" అని అడిగేవాణ్ణి. ఎంత హాయిగా నవ్వుకునేవాళ్ళం!

కలువ కిటికీకి కొత్త బద్దలు వేశాను. పాత జిడ్డంతా కడిగేశాను, ఒక్క చీమను తప్ప. దాన్ని కింది వరస గాడిలో పెట్టి, రెక్క మూసి, పైన అతుకు వేశాను.

"ఏటి సేత్తన్నావు బావా?" అంది నరసమ్మ.

"దొరసాని సంతకం. పోనివ్వకూడదు."

ఆ పాత డబ్బా ఇప్పటికీ షెడ్డులో ఉంది. ఇప్పుడు బల్ల దగ్గర కూర్చునే పిల్లలు అందులోంచే నూనె తీసుకుంటారు. ఇది కొబ్బరి నూనె కాదు అన్న ఎర్ర అక్షరాల కింద, కలువ కిటికీలో ఆ చీమను పెట్టిన రోజే, నేను ఇంకో వరస రాశాను: ఎందుకు కాదో ఆచారిని అడగండి.

అడిగిన ప్రతివాడికీ ముందు గోళ్ళు కడుక్కుని రమ్మంటాను. వచ్చాక, పాస్టరుగారి బట్టతల దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఇద్దరి తప్పూ చెప్తాను.